మౌస్ బరువెక్కిందా? తల వదిలేసి కాళ్ళు కోయండి

పాత ఆటలు సేల్‌లో చవగ్గా దొరికినప్పుడల్లా నాకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈ వారం నాలుగు వచ్చాయి, నాలుగూ డెడ్ స్పేస్ 2 అనే హారర్ కంప్యూటర్ ఆట గురించే. టిఫిన్ తింటూ ఈ పేజీ చదివేవాళ్ళు తినడం ముగించి రండి.

ప్రశ్న: గేమింగ్ ల్యాప్‌టాప్‌లో డెడ్ స్పేస్ 2 వేశాను. కొత్త ఆటలు బాగానే ఆడుతున్నాయి. ఇందులో మాత్రం మౌస్ ఇప్పుడు కదిపితే తుపాకీ కాసేపటికి తిరుగుతోంది. తూటాలూ ఇట్టే అయిపోతున్నాయి. ఆట పాడైందా, ల్యాప్‌టాప్ పాడైందా?
- డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

రెండూ బాగానే ఉన్నాయి. ఈ ఆట 2011 జనవరిలో వచ్చింది. అప్పట్లో అది అడిగింది 2.8 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, విండోస్ 7లో 2 జీబీ ర్యామ్, డిస్కులో 10 జీబీ చోటు. మీ ల్యాప్‌టాప్‌కు అదో లెక్క కాదు. తంటా అంతా ఆటలో ఉన్న వీ-సింక్‌తోనే. స్క్రీనూ గ్రాఫిక్స్ కార్డూ అడుగు కలిపి నడిచేలా చూడటం దాని పని. అది ఆన్‌లో ఉంటే ఈ ఆటలో మౌస్ బరువెక్కిపోతుంది. ఆట సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఈ ఒక్క ఆటకే వీ-సింక్ పెట్టి, ఫ్రేములను సెకనుకు 60కి కట్టేయండి. విండోస్ మౌస్ సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్ కూడా తీసేయండి. అప్పటికీ తడబడితే డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి, ఈ ఆటకు ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లు ఒక్కోసారి పెద్ద కార్డును నిద్రపుచ్చి చిన్నదాంతో నెట్టుకొస్తాయి.

ఈ పని ఇప్పుడే చేసుకోండి. ముందు ముందు ఒక సీన్ ఉంది. హీరో ఐజాక్ క్లార్క్ ఒక యంత్రంలో పడుకుంటాడు, పైనుంచి కంట్లోకి సూది దిగుతుంది. దాన్ని దించాల్సింది మీరే. కనుపాప అటూ ఇటూ కదులుతుంది, అతని గుండె దడ పెరుగుతుంది. పాప నిలకడగా ఉన్నప్పుడే సూది దింపాలి. గురి తప్పితే ఏమవుతుందో రాయను. ఆ క్షణంలో మౌస్ ఆలస్యం చేస్తే మీరూ తట్టుకోలేరు, ఐజాకూ తట్టుకోలేడు.

ఇక తూటాల సంగతి. మీరు తలకు కొడుతున్నారు కదూ? మిగతా ఆటల్లో అలవాటైన పని అదే. ఇక్కడి శత్రువులు నెక్రోమార్ఫులు, అంటే లేచి తిరిగే శవాలు. తల ఎగిరిపోయినా మీదికొస్తాయి. కాళ్ళూ చేతులూ కోయాలి. ఐజాక్ సైనికుడు కాదు, ఇంజినీరు. చేతిలోని ప్లాస్మా కట్టర్ కూడా గనుల్లో వాడే పనిముట్టే. దాని గీతను అడ్డంగా, నిలువుగా తిప్పవచ్చు. కాళ్ళకు అడ్డగీత, చేతులకు నిలువుగీత. తెగిపడిన కత్తిలాంటి చేతిని కైనెసిస్‌తో (వస్తువులను ముట్టకుండానే లేపే ఐజాక్ శక్తి) లేపి దాని మీదికే విసరండి, ఒక్క తూటా ఖర్చు కాదు. పడ్డ శవాన్ని తొక్కితే సరుకు రాలుతుంది. అసహ్యమే గానీ దండగ కాదు. అన్ని తుపాకులూ మోయకండి. మీ దగ్గరున్న ఆయుధాలకు తగిన తూటాలే దొరుకుతాయి కాబట్టి, రెండే ఉంటే ఆ రెండింటికీ దండిగా వస్తాయి.

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్ళు. వాళ్ళ అన్న అకౌంట్లో ఇదే ఆట ఆడుతున్నాడు. తలుపు తీస్తే స్క్రీన్ మూసేస్తున్నాడు. ఆపడం ఎలా?
- గృహిణి, మహబూబ్‌నగర్

అమ్మా, మీ అనుమానం నిజమే. యూరప్‌లో దీనికి 18 రేటింగ్, అమెరికాలో 17 దాటినవాళ్ళకే. వచ్చిన ఏడాది తల్లులకు ఇందులోని సీన్లు చూపించి, వాళ్ళు మొహం తిప్పుకోవడాన్ని వీడియో తీసి, ‘మీ అమ్మకు ఈ ఆటంటే అసహ్యం’ అని ఆట కంపెనీవాళ్ళు ప్రచారం చేసుకున్నారు. అమ్మ తిడుతుందని పట్టించుకునే వయసు ఎవరిదో మీకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఆట మీద నాకు ప్రేమే గానీ ఆ ప్రచారం మాత్రం సిగ్గుచేటు.

ఆట స్టీమ్‌లో (ఆన్‌లైన్ ఆటల దుకాణం) ఉంటే పెద్దబ్బాయితో అందులోని స్టీమ్ ఫ్యామిలీస్ పెట్టించండి. బాబుకు వేరే అకౌంట్ తీసి, అందులో ‘చైల్డ్’గా చేర్చండి. ఏ ఆటలు కనిపించాలో, రోజుకు ఎంతసేపు ఆడాలో మీరు నిర్ణయించవచ్చు. అన్న పాస్‌వర్డ్ మార్చకపోతే ఇదంతా గాలిలో కలిసినట్టే.

మా నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి గదిలో నేనీ ఆట ఆడుతుంటే మా అమ్మ చల్లగ్లాసు పట్టుకొచ్చి, వెనక నిలబడి చూసి, “గా పీనుగులల్ల ఏమున్నదిరా, తిండి సైస్తదా?” అంది. నిజానికి ఆ రాత్రి సయించలేదు.

ప్రశ్న: డెస్క్‌టాప్‌లో ఆడతాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. హార్డ్ కోర్ మోడ్ మొదలుపెట్టవచ్చా?
- ప్రైవేటు ఉద్యోగి, దేవరకొండ

ఆగండి. ఆ మోడ్‌లో ఆట మొత్తానికి మూడే మూడు సేవ్‌లు. చస్తే చివరి సేవ్ దగ్గరికి పోవాల్సిందే, కరెంటు పోయినా అంతే. ముందు ఇన్వర్టర్ మీద, ఎక్కువగా వెనక వైపున, ‘యూపీఎస్’ అనే స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఫ్యాన్లకు చాలు, కంప్యూటర్‌కు ఎక్కువ. యూపీఎస్ మోడ్‌లో తొందరగా మారుతుంది. అదీ సరిపోకపోతే కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ కొనండి. ఈలోగా నార్మల్‌లో ఒకసారి ముగించి రండి, అలా ముగిస్తేనే ఆ మోడ్ తెరుచుకుంటుంది, దారులూ తెలుస్తాయి.

ప్రశ్న: మొదటి భాగం ఆడకుండా రెండోది ఆడితే అర్థమవుతుందా? నా స్నేహితుడి కన్సోల్లో ఉన్న ‘సెవర్డ్’ అనే అదనపు కథ నా పీసీలో లేదేంటి?
- పాఠకుడు, గద్వాల

అర్థమవుతుంది. మెయిన్ మెనూలోనే గత కథ చెప్పే చిన్న వీడియో ఉంది. మొదటి భాగం జరిగిన మూడేళ్ళ తర్వాత, శని ఉపగ్రహం టైటాన్ దగ్గర స్ప్రాల్ అనే అంతరిక్ష నగరంలో ఈ కథ మొదలవుతుంది. తీరికుంటే మాత్రం ముందు మొదటిదే ఆడండి, 2023లో దాన్ని కొత్తగా చేసి వదిలారు. ‘సెవర్డ్’ పీసీకి రానే లేదు, ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3లకే ఇచ్చారు. స్నేహితుడి ఇంటికి వెళ్ళి ఆడి రండి.