రూమ్మేట్ ముందు నోరు పెగల్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు, పెళ్లయింది. పని కోసం వేరే దేశంలో ఉంటున్నాను. ఐదు నెలల కిందట ఒకామెతో ఒకసారి కలిశాను. కండోమ్ చిరిగింది. వారం తిరక్కుండానే మూత్రంలో మంట, డ్రాయరుకు చీము మరకలు. ఇక్కడి భాష రాదు కాబట్టి ఆస్పత్రికి రూమ్మేట్‌ను వెంటబెట్టుకెళ్లాను. వాడి ముందు నోరు పెగల్లేదు. కడుపునొప్పి అని చెప్పించాను, గ్యాస్ మాత్రలిచ్చారు. తర్వాత ఇంకొకతను తన దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు నాలుగిస్తే వేసుకున్నాను. మంట తగ్గింది. వచ్చే నెల ఇంటికి వెళ్తున్నాను, పిల్లల కోసం అనుకుంటున్నాం. పనిలో చేరేముందు రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఇక టెన్షన్ అక్కర్లేదా?
– పేరు వద్దు

జవాబు: అక్కర్లేదని చెప్పలేను. పనిలో చేరేముందు చేసిన పరీక్షకు ఆ తర్వాత జరిగినదాంతో సంబంధమేముంది? పైగా అలాంటి పరీక్షల్లో కలయిక వల్ల సోకే గనేరియా, క్లమీడియా జబ్బులు చాలాచోట్ల చూడరు. మీ లక్షణాలు వాటినే గుర్తుచేస్తున్నాయి. అరకొర మాత్రలతో మంట తగ్గినా క్రిములు మిగిలిపోవచ్చు. ఆడవాళ్లలో ఇవి చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. లోలోపల గర్భనాళాలను దెబ్బతీసి, పిల్లలు పుట్టకుండా చేయగలవు. మీరు ఇంకా మీ ఆవిడను కలవలేదు కాబట్టి ఇప్పుడే చూపించుకుంటే ఆమె దాకా రాదు.

మూత్రపరీక్షతో ఆ రెండూ తెలుస్తాయి. రక్తంలో హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి చూడమనండి. సిఫిలిస్ పుండు నొప్పి ఉండదు, దానంతటదే మానుతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. గర్భంలోని బిడ్డకూ సోకుతుంది. మీరు కలిసి 90 రోజులు దాటింది. ఆ తర్వాత మళ్లీ ఎవరితోనూ కలవకపోతే, ఇప్పుడు హెచ్‌ఐవీ లేదని వస్తే నమ్మవచ్చు. గనేరియా, క్లమీడియా తేలితే మందులు పూర్తయ్యాక మరో ఏడు రోజులు కలయికకు ఆగండి. ఐదు నెలల కిందట మీరు కలిసినామెకు కూడా కబురు చెప్పండి, చికిత్స ఆమెకూ కావాలి.

ఒక జాగ్రత్త. హెచ్‌ఐవీ ఉందని తేలిన విదేశీయులను వెనక్కి పంపే దేశాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఫలితం ఎవరెవరి చేతికి వెళ్తుందో రక్తం ఇవ్వకముందే అడగండి. అనుమానంగా ఉంటే ఇల్లు చేరిన వెంటనే, భార్యను కలవకముందే చేయించుకోండి. ఒకవేళ ఉందని తేలినా మందులు రోజూ వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే, కలయిక వల్ల భార్యకు సోకదు. పిల్లల్నీ కనవచ్చు.

కండోమ్ చిరిగిన రోజే వెళ్లి ఉంటే హెచ్‌ఐవీ సోకకుండా మందులు దొరికేవి. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో మీకు పనిలో చేరిన రోజే చూపించి ఉంటారు. ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

మీ కడుపునొప్పి కథ నాకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు భాష రాని చోట, ఒక కుర్రాడు స్నేహితుణ్ణి తోడు తెచ్చుకొచ్చాడు. స్నేహితుడు ‘కడుపునొప్పట’ అన్నాడు. కుర్రాడు నేలచూపులు చూస్తున్నాడు. నేనూ గ్యాస్ మాత్రలే రాసిచ్చాను. వారానికి ఒంటరిగా వచ్చాడు. మాట్లాడలేదు, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. దానిమీద ఒక మనిషి బొమ్మ, నడుము కింద ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీత. మొదటిరోజే తోడొచ్చినవాణ్ణి కాసేపు బయట కూర్చోమని ఉండాల్సింది, నాకు తట్టలేదు.

మీరూ కాగితం పట్టుకెళ్లండి. ‘ఐదు నెలల కిందట కండోమ్ చిరిగింది. మూత్రంలో మంట, చీము వచ్చాయి. నాలుగు మాత్రలు వేసుకున్నాను’ అని ఫోన్‌లో అక్కడి భాషలోకి మార్చుకుని రాసుకోండి. మాత్రల పేరు తెలిస్తే అదీ రాయండి. ఆస్పత్రిలో ఫోన్ ద్వారా అనువదించేవాళ్లు ఉన్నారేమో అడగండి, చాలాచోట్ల ఉంటారు. రూమ్మేట్ దారి చూపించడానికి వస్తే రానివ్వండి, తలుపు బయటి దాకా.