రీడ్ గీకే ముందు

అల్లుడా,

నువ్వు పంపిన రీడ్ ఫోటో చూసిన. స్కేలు పెట్టి, పెన్సిల్ గీతలు గీసి, చివర ఎంత మందం, నడుమ ఎంత అని పక్కన రాసుకున్నవ్. అంతా కొలత ప్రకారమే చేసిన, ఓబో పలుకుతలేదు మామా అంటున్నవ్. ఎట్ల పలుకుతది? ఓబో గూడ మన సన్నాయి తీరుదే, నోట్ల పెట్టే రెండు రేకుల రీడ్ పలికితేనే అది పలుకుతది. నీ లెక్క ఆ రీడ్ చేసే గడకు తెల్వదు గద.

లెక్కలు వద్దంటలేను. గడ లావు 10, 11 మిల్లీమీటర్లు, లోపల తొలిచినంక నడుమ మందం 0.6 దగ్గర, రేకులను కట్టే కింది గొట్టం 47, దారం చుట్టినంక మొత్తం 72 అటుఇటు. ఇవి పని మొదలువెట్టుటానికే. ఆ తర్వాత ఏ రెండు గడలు ఒక్క తీరుగుండయి. బ్యాండ్ల ఉన్నప్పుడు నేను గూడ మంచిగ పలికిన పాత రీడ్‌ను కొలిచి, కొత్తదాన్ని అచ్చం గట్లనే గీకిన. ఆ గడ మెత్తది. తెల్లారి పరేడ్ల నోరు మూసుకున్నది. పక్కోని పాత రీడ్ అడుక్కొని ఊదిన, ఇప్పటికీ సిగ్గే.

మీ తాత చెరువుగట్టు జాతరకు పోయేముందు పీకను, అంటే సన్నాయి రీడ్‌ను, సన్నాయికి తగిలియ్యకుండ ఉత్తగనే ఊదేటోడు. ఆ కూత విని తల ఊపేటోడు, లేకుంటే పక్కకు పెట్టేటోడు. స్కేలు ముట్టిందే లేదు. నువ్వు గూడ కత్తి పట్టే ముందు ఆ కూత విను. దారం కాడిదాక నోట్ల పెట్టుకొని ఊదు. సి స్వరం దగ్గర తేలికగ, జర గరగరతోటి వస్తే చాలు. బలవంతంగ, సన్నగ వస్తే చివర ఇంక మందమే. బొంగురువోయి శ్రుతి కిందికి జారితే గీకుడు ఎక్కువైంది, చివర వెంట్రుకంత కోసెయ్.

రీడ్ చివర ఊపిరిని అందుకుంటది. దాని వెనుకున్న గుండె శ్రుతిని నిలబెడ్తది. ఇంక వెనుక భాగం కింది స్వరాలకు ఊగాలె. కింది డి, సి మెల్లగ ఊదితే పలుకకుంటే ముందు చివర చూడు, తర్వాత వెనుక. గుండె జోలికి పోకు. అక్కడ పోయిన చెక్క మళ్ల రాదు. రెండు రేకులకు రెండేసి గీతలు గీకు, ఊదు. ఒక్కసారి ఒక్కటే మార్చు, లేకుంటే ఏది పనిచేసిందో నీకే తెల్వదు.

కత్తి మొద్దుగుంటే గీకదు, చెక్కను పీకుతది. కత్తి నూరుడు మన ఇంట్ల ఒకలు నేర్పాల్నా?

ఇంకోటి. గొట్టం అడుగు వేలుతోటి మూసి ఊదు. రేకుల పక్కలనుంచి గాలి పోతే ఎంత గీకినా దండుగే. దారం పైన నల్లాలకు చుట్టే టెఫ్లాన్ టేప్ ఒక చుట్టు పల్చగ చుట్టు, నల్లగొండల ఏ హార్డ్‌వేర్ దుకాణంలనైనా దొరుకుతది.

కట్టిన నాడే పూర్తి చెయ్యకు. రాత్రి ఆరనియ్యి, తెల్లారి నీళ్లల్ల నానబెట్టి చూడు, వేరే రీడ్ లెక్క పలుకుతది. మే నెలల మన ఎండకు ఇంకా మారుతది, బండి డిక్కీల మాత్రం పెట్టకు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ పాడైన ఐదు రీడ్లను పట్టుకరా, పారెయ్యకు. లైటుకు అడ్డంపెట్టి చూస్తే ఏ మూల పల్చబడ్డదో కనవడ్తది.

మీ మామ