చెరువును కప్పిన పచ్చదనం: మీ ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గరి పల్లె. కొన్నేళ్ల కిందట మా ఊరి చెరువు ఒడ్డున ఆవగింజంత ఆకుపచ్చని మొక్కలు తేలుతూ కనిపించాయి. ఆ తరువాత చిన్న క్యాబేజీల్లాంటివి వచ్చాయి. ఇప్పుడు ఊదారంగు పూల గుర్రపుడెక్క చెరువంతా పరుచుకుంది. ఇవన్నీ ఎందుకు వస్తున్నాయి? మందు కొట్టించి ఒకేసారి చంపేద్దామని ఊళ్లో కొందరు అంటున్నారు. అలా చేయవచ్చా?

సమాధానం: దయచేసి మందు కొట్టనివ్వకండి. కారణం తెలియాలంటే ముందు ఆ మొక్కల సంగతి తెలియాలి. మీరు మొదట చూసినవి లెమ్నా, వోల్ఫియా జాతులు అయివుంటాయి. పాచిలా కనిపించినా ఇవి పూలు పూసే మొక్కలే. వోల్ఫియా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, దానికి వేళ్లే లేవు, పూల మొక్కల్లో అంతకన్నా చిన్నది లేదు. రెండోది అంతరతామర. దాని ఆకుల మీది సన్నని నూగు గాలిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లు పోసినా తడవదు, మునగదు. మూడోది గుర్రపుడెక్క. అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన ఈ మొక్కను పూల అందం చూసి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు; అక్కడి నుంచి దేశమంతా పాకింది.

వీటిలో ఏది ముందు వస్తుందన్నది చెరువును బట్టి మారుతుంది గానీ, చివరికి గెలుపు ఎత్తుగా పెరిగేదానిదే. గుర్రపుడెక్క ఒంటరిగా ఉన్నప్పుడు ఉబ్బిన పొట్టి కాడలతో తేలుతుంది. తోటి మొక్కల ఒత్తిడి పెరిగాక కాడలను పొడవుగా సాగదీసి, కింద ఉన్న చిన్న మొక్కలకు ఎండ అందనివ్వదు. పక్కకు పిలకలు వేస్తూ అనుకూలమైన నీటిలో రెండు వారాల్లోపే రెట్టింపు అవుతుంది. నేలలో వేరూనని ఈ మొక్కలన్నీ తమకు కావలసిన నత్రజనిని, భాస్వరాన్ని నేరుగా నీటి నుంచే తీసుకుంటాయి. కనుక అవి అంత దట్టంగా పెరిగాయంటే ఇళ్ల మురుగు, పశువుల పేడ, పొలాల ఎరువు, సబ్బు నీళ్లు చెరువులోకి చేరుతున్నాయని అర్థం. నా ఉద్దేశంలో మీ ఊరి అసలు సమస్య ఇదే. మొక్కలు దాని ఫలితం మాత్రమే.

ఇక మందు సంగతి. పైన దట్టంగా కప్పు ఉన్నప్పుడు లోపలి మొక్కలకు వెలుతురు అందదు, నీటిలోకి గాలి సరిగా కలవదు. అందువల్ల తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తాయి. అటువంటి చెరువులో అన్ని మొక్కలూ ఒక్కసారిగా చచ్చి మునిగితే, అవి కుళ్లే క్రమంలో మిగిలిన కాస్త ప్రాణవాయువూ అయిపోయి చేపలు చనిపోతాయి. మొక్కలు పీల్చుకున్న పోషకాలు మళ్లీ నీటిలోనే కలిసి తరువాతి మొలకలకు ఆహారమవుతాయి. గుర్రపుడెక్క విత్తనాలు బురదలో పదిహేనేళ్లకు పైగా బతకగలవు కాబట్టి, ఆ మొలకలు తప్పకుండా వస్తాయి.

చేతులతో తీయించడమే మేలు. నైరుతి గాలులు వీచే రోజుల్లో తేలే మొక్కలు సాధారణంగా ఈశాన్యపు గట్టుకు చేరతాయి. అక్కడ వెదురుబొంగులు అడ్డుకట్టి పోగైనప్పుడల్లా లాగితే శ్రమ తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు తగ్గాక మిగిలినవి ఏరించవచ్చు. తీసిన మొక్కలో తొంభై శాతానికి పైగా నీరే ఉంటుంది కాబట్టి గట్టుకు దూరంగా, వాన నీరు తిరిగి చెరువులోకి తీసుకుపోని చోట ఎండబెట్టి, పేడతో కలిపి కంపోస్టు చేయండి. ఫ్యాక్టరీల నీరు చేరే చెరువైతే ఆ మొక్కను పశువులకు పెట్టకండి, కూరగాయల మడులకూ వాడకండి. గుర్రపుడెక్క భారలోహాలను వేళ్లలో దాచుకుంటుంది. గుర్రపుడెక్కను మాత్రమే తినే ముక్కుపురుగులను 1980లలో మన దేశానికి తెచ్చి వదిలారు. అవి పనిచేస్తాయి గానీ ఏళ్లు పడుతుంది.

చిన్న మొక్కలను అంచుల్లో కొద్దిగా ఉండనివ్వండి. వాటి వేళ్ల మధ్య చేపపిల్లలు దాక్కుంటాయి. అయితే అంతరతామర విషయంలో జాగ్రత్త అవసరం: మాన్సోనియా దోమల పిల్లలు దాని వేళ్లకు గొట్టం గుచ్చి అక్కడి గాలినే పీల్చుకుంటాయి, అందువల్ల అవి పైకి రావు, కంటికి కనిపించవు.

ప్రశ్న: మేడ మీద తొట్టెలో పెంచుతున్న అజొల్లా (నీటి మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క) ఎర్రబడుతోంది. చచ్చిపోతోందా?

సమాధానం: లేదు. ఎండ తీవ్రమైనా, భాస్వరం చాలకపోయినా అజొల్లా ఎర్రబడుతుంది. నీడకు వల కట్టి, కొద్దిగా పశువుల పేడ కలిపి చూడండి. గాలిలోని నత్రజనిని దాని ఆకుల్లో నివసించే సూక్ష్మజీవులు అందిస్తాయి కాబట్టి యూరియా అక్కర్లేదు.

ప్రశ్న: చెరువు బాగు చేసేటప్పుడు కలువలు, తామరలు కూడా తీసేయాలా?

సమాధానం: అవసరం లేదు. వాటి ఆకులు నీటి మీద కనిపించినా వేళ్లు, దుంపలు అడుగు మట్టిలో ఉంటాయి. అందుచేత లోతు పెరిగే కొద్దీ పలచబడి, నడిమధ్య నీటిని ఖాళీగా వదులుతాయి. అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ అనే సరస్సుకు వెళ్లి తాటిదోనెలో తిరిగితే ఈ తేడా మీ కళ్లకే కనిపిస్తుంది. పొడవైన కాలివేళ్లతో ఆకుల మీద నడిచే జకానా పక్షులు అటువంటి ఆకుల మీద గుడ్లు పెడతాయి కనుక, వానకాలంలో వాటి జోలికి అసలు వెళ్లకండి.