నల్ల కారు మీద గీతలు పడకుండా కడగడం, ఆరబెట్టడం: విశాఖలో నా పద్ధతి

మల్కాపురంలో ఉంటాం, నల్ల కారు కొని ఏడాది కూడా కాలేదు, రోజూ వాచ్‌మన్ చేత తుడిపిస్తున్నా ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్న గీతలు కనిపిస్తున్నాయి, ఎలా కడగాలి అని అడిగారు. రోజూ తుడిపిస్తున్నారు కదా, గీతలు వస్తున్నది అక్కడే.

మాది జ్ఞానాపురం. మాకూ పోర్టు దగ్గరే. పొద్దున్నే బానెట్ మీద వేలితో రాసి, ఆ దుమ్మును రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. బొగ్గు, ఇనుప ఖనిజం, రోడ్డు ఇసుక అన్నీ అందులో ఉంటాయి. రంగు మీద కాపు కాసే క్లియర్ కోట్ మందం మామూలుగా 40-50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దాని మీద ఆ దుమ్మును పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడక ఏమవుతాయి? మా వాచ్‌మన్‌కి నెల డబ్బులు ఆపలేదు కానీ, లోపల మాత్రమే తుడవమని, బాడీ మీద గుడ్డ వేయొద్దని చెప్పాను. ముందు మీరూ ఆ పని చేయండి.

వారానికోసారి, ఎండ ఎక్కకముందే కడగండి. చక్రాలు ముందు, వాటికి వేరే గుడ్డ, వేరే బకెట్. బ్రేకుల నుంచి రాలే పొడి రంగుకి అసలు తగలకూడదు. తర్వాత రూఫ్ నుంచి కిందికి పైపుతో నీళ్లు కొట్టండి. ఇక్కడ తొందరపడొద్దు. చెయ్యి వేయకుండా నీళ్లతో ఎంత దుమ్ము దిగితే అంత మంచిది. పిట్ట రెట్ట ఎండిపోయి ఉంటే గోకకండి, తడి గుడ్డ కాసేపు దాని మీద వేసి ఉంచితే అదే నానుతుంది.

షాంపూ కార్లదే వాడాలి. గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే రంగు మీద పూసిన వ్యాక్స్ (మైనపు పూత) పోతుంది. బకెట్లు రెండు కావాలి: ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో మంచి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్‌తో ఒక డోరు కడగడం, మంచి నీళ్లలో జాడించడం, మళ్లీ షాంపూలో ముంచడం. పని అయ్యాక ఆ మంచి నీళ్ల బకెట్ అడుగున చేరిన ఇసుక చూడండి, అదంతా లేకపోతే రంగు మీదే తిరిగేది. చెయ్యి సున్నాలు చుట్టకుండా నిలువుగానో అడ్డంగానో పోనివ్వాలి. డోర్ల కింది భాగం ఆఖరున. గ్లవ్ గానీ గుడ్డ గానీ నేల మీద పడితే ఉతికేదాకా పక్కన పెట్టేయాల్సిందే.

ఆరబెట్టడం దగ్గర చాలామంది బద్ధకిస్తారు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే, వాటంతట అవే ఆరిన చోట తెల్ల మచ్చలు పడతాయి. వీలైతే చివరిసారి కుళాయి నీళ్లు పోయండి. పైపుకి నాజిల్ తీసేసి నీటిని మెల్లగా జారనిస్తే చాలావరకు అదే కిందికి దిగిపోతుంది. మిగిలిన తడికి దళసరి మైక్రోఫైబర్ టవల్ పరిచి, అరచేత్తో అద్ది ఎత్తండి. రుద్దే పనే లేదు. రబ్బరు వైపర్ వద్దు, దాని కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా బానెట్ ఈ చివర నుంచి ఆ చివరకి గీత పడుతుంది. గాలికి ఆరిపోతుందని తడి కారుతో బీచ్ రోడ్డు ఎక్కడం కూడా మంచిది కాదు, తడికి దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. మన ఊరి ఉప్పుగాలికి డోర్ల అంచులు, అద్దాల సందులు, పెట్రోలు మూత లోపల కూడా తడి లేకుండా చూడండి.

ఇప్పటికే పడిన గీతలకు మెషిన్ పాలిష్ పనిచేస్తుంది. కానీ ప్రతి పాలిష్‌కీ క్లియర్ కోట్ కొంత అరుగుతుంది. అందుకే ముందు కడిగే పద్ధతి మార్చుకుని, ఆ తర్వాతే పాలిష్‌కి ఇవ్వండి. కవరు కొనాలనుకుంటే మాత్రం ఆలోచించండి. దుమ్ము ఉన్న కారు మీద కవరు కప్పితే, సముద్రపు గాలికి అది కొట్టుకుంటూ గుడ్డతో రుద్దినంత పనీ చేస్తుంది. కడిగి ఆరబెట్టిన వెంటనే కప్పగలిగితేనే కొనండి.