పద్నాలుగు వద్దు, ఒక్కటి చాలు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెద్దగా పేరు వినపడని చారిత్రక నాటకాలను కొత్త పాఠకులకు చెప్పాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. పద్నాలుగు నాటకాలు వెతికి పట్టుకున్నావంటే ఎంత తిరిగి ఉంటావో ఊహించగలను. అయితే చదవడం పూర్తయ్యాక నన్ను నేను ఒక ప్రశ్న అడిగాను. ఈ నాటకాల గురించి నాకేమీ తెలియకపోతే, ఇది చదివి లేచి వెళ్ళి వీటిలో ఏ పుస్తకం కోసం వెతుకుతాను? దేనికోసమూ వెతకననిపించింది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

పద్నాలుగింట్లో పదమూడు తీసెయ్. ప్రాణం ఒప్పదు, తెలుసు. తీసినవి ఎక్కడికీ పోవు, ఒక్కోదానికి ఒక్కో వ్యాసం రాద్దువుగాని. కొత్తవాళ్ళకు జాబితా ఇస్తే దాచుకుంటారు, చదవరు. ఒక్క నాటకం, అందులోనూ ఒక్క రంగం చెప్పు. అది వాళ్ళ మనసులో పడితే మిగతావి నిన్నే అడుగుతారు.

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. పాతికేళ్ళ కిందట మా మేనల్లుడు ఇంటర్ సెలవులకు వచ్చాడు. చరిత్రంటే ఇష్టమన్నాడు. నేను ఉత్సాహం పట్టలేక బీరువాలోంచి ఐదు నాటకాలు తీసి చేతిలో పెట్టాను. అన్నీ పాత ముద్రణలు. అరసున్నలు, బండి ఱలు, ఊపిరాడకుండా కలిపి అచ్చేసిన వచనం, పేజీ తిప్పితే సీసపద్యం. వాడు మర్యాదకు నాలుగు రోజులు తిరగేసి తిరిగి ఇచ్చేశాడు. ఒక పుస్తకంలో మొదటి అంకం కూడా దాటకుండానే గుర్తుకి బస్సు టికెట్ పెట్టుకున్నాడు. ఆ టికెట్ ఇప్పటికీ అదే పేజీలో ఉంది. వాడు మళ్ళీ నాటకం జోలికి రాలేదు. తప్పు పుస్తకానిది కాదు, వాడిదీ కాదు. ఇచ్చిన తీరు నాది.

నీ జాబితాలో కోలాచలం శ్రీనివాసరావు గారి ‘రామరాజు చరిత్రము’ ఎక్కడో ఎనిమిదోది. నన్నడిగితే దాంతోనే మొదలుపెట్టు. కానీ ‘బళ్లారి న్యాయవాది, 1854లో జననం’ అంటూ ఎత్తుకోకు. 1543లో గోల్కొండ నుంచి పారిపోయిన ఒక కుర్రవాడితో ఎత్తుకో. తండ్రిని చంపించి గద్దె ఎక్కిన అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం కుతుబ్‌షా విజయనగరం చేరాడు. అక్కడ ఏడేళ్ళు, రాజ్యం నడుపుతున్న అళియ రామరాయల (నాటకంలోని రామరాజు ఈయనే) నీడలో బతికాడు. తెలుగు విన్నాడు, తెలుగు కవిత్వం మీద ప్రేమ పెంచుకున్నాడు. 1550లో వెళ్ళి గోల్కొండకు సుల్తాను అయ్యాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ అంకితమిచ్చిందీ ఆయనకే. ఆ మనిషే 1565 జనవరి 23న, తళ్ళికోట యుద్ధమని కూడా పిలిచే రాక్షసి తంగడి యుద్ధంలో, మిగతా దక్కను సుల్తానులతో కలిసి రామరాయల మీదికి వచ్చాడు. అప్పటికి రామరాయలు పండు ముసలి. పట్టుబడ్డాడు, తల తీసేశారు. తరవాత రాజధాని హంపికి ఏమైందో అక్కడి రాళ్ళే చెబుతాయి.

అన్నం పెట్టిన ఇంటి మీదికి సైన్యాన్ని నడిపించుకొచ్చినవాడికి ఆ ముందు రాత్రి నిద్ర పట్టిందా? ఈ ఒక్క ప్రశ్న పాఠకుడి మనసులో వేసి, అప్పుడు నాటకం పేరు చెప్పు. విజయనగర రాజుల వరస, తేదీలు ఏవీ తెలియకపోయినా వాడు పుస్తకం తెరుస్తాడు. జవాబు నాటకంలో దొరక్కపోవచ్చు. అయినా ఫరవాలేదు, ప్రశ్నతో తెరిచినవాడు అరసున్నలకు భయపడడు.

బళ్లారి నుంచి హంపి ఎంతో దూరం లేదు. ఆ శిథిలాల పక్కన, ఇంగ్లీషువాళ్ళ పాలనలో బతుకుతూ, ఒక ప్లీడరు గారు ‘ఇంత పెద్ద రాజ్యం ఎలా కూలింది’ అని అడిగారు. కోలాచలం వారి గురించి చెప్పాల్సింది ముందు ఇది. ఈ నాటకంలో పఠాన్ రుస్తుం వేషం నటుడు బళ్లారి రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. రాఘవగారూ ప్లీడరే. పగలు కోర్టు, రాత్రి రంగు. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్, రాఘవ గురించి ఎత్తుకుంటే వ్యాసం చెయ్యి దాటిపోతుంది.

ఇంకో సంగతి. ఇదే యుద్ధం మీద గిరీష్ కర్నాడ్ చివరి రోజుల్లో కన్నడంలో ‘రాక్షస తంగడి’ రాశాడు. 2018లో వచ్చింది, మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఒకే రామరాయలు, ఒకే యుద్ధం, రెండు నాటకాల మధ్య వందేళ్ళ పైచిలుకు. పద్యం అంటే బెదిరిపోయే వాళ్ళకు కర్నాడ్‌ని ముందు చూపించి, తరవాత కోలాచలం దగ్గరికి తీసుకురా. చారిత్రక నాటకం పాత రాజు కథ చెబుతూనే రాసినవాడి కాలాన్ని కూడా చెబుతుందన్నది, ఆ రెండూ పక్కపక్కన పెడితే ఎవరూ విడమరిచి చెప్పకుండానే తెలుస్తుంది.

అన్నట్టు, ఆ యుద్ధానికి ముందు సుల్తానుల పొత్తు గట్టిపడడానికి అహమద్‌నగర్ హుసేన్ నిజాంషా తన కూతుర్ని బీజాపూరు అలీ ఆదిల్‌షాకు ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ అమ్మాయే చాంద్ బీబీ. ముప్ఫై ఏళ్ళ తరవాత మొగలు సైన్యం వచ్చి పడితే అహమద్‌నగర్ కోటను కాపాడింది ఆవిడే. కోలాచలం వారు ఆవిడ మీద కూడా నాటకం రాశారు. రామరాజు చదివినవాళ్ళకు తరవాత ఏది ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేదు. నీ జాబితాలో ఇవి రెండూ ఆరు నాటకాల ఎడంతో ఉన్నాయి!

ఇక తరవాతి వ్యాసాలకు దాచుకునే నాటకాల సంగతి. ముందు ‘ప్రతాపరుద్రీయము’. వేదం వేంకటరాయశాస్త్రి గారిది, 1897 నాటిది. దీన్ని నువ్వు ‘కాకతీయుల చరిత్రను కళ్ళకు కట్టే నాటకం’ అన్నావు. ఆ మాట కొట్టెయ్. చరిత్రలో జరిగింది వేరు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మదా తీరంలో కన్నుమూశాడు. తానే ప్రాణం వదిలాడని శాసనం సూచిస్తోంది. నాటకంలో మాత్రం మంత్రి యుగంధరుడు ఢిల్లీ వెళ్ళి రాజును విడిపించి, సుల్తానునే పట్టుకొస్తాడు. ఓడిపోయిన యుద్ధాన్ని ఐదు వందల డెబ్బై ఏళ్ళు గడిచాక ఒక పండితుడు రంగస్థలం మీద గెలిచాడన్నమాట. ఇది దాచిపెడితే పాఠకుణ్ణి మోసం చేసినట్టు. చెబితే నాటకం విలువ తగ్గుతుందని భయపడకు, నిజానికి పెరుగుతుంది. ఆ గెలుపు 1897లో తెలుగువాళ్ళకు ఎందుకంత అవసరమైందో ఆలోచించడం మొదలుపెడతారు.

ఈ నాటకంలో ఏ రంగం చెప్పాలో నాకు అనుమానమే లేదు. యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరుగుతూ, సుల్తానును పట్టుకుపోతానని అందరూ వినేలా అరుస్తాడు. జనం నవ్వుతారు. చేయబోయే పని అక్షరం దాచకుండా శత్రువు ఊళ్ళోనే చాటుతున్నాడు, పిచ్చివాడి మాట కాబట్టి ఎవరూ నమ్మరు. పోయిన వేసవిలో మా పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఇది చదివి వినిపించాను. కూర్చుని వింటున్నవాడు కాసేపటికి లేచి నిలబడ్డాడు. ‘తాతా, వాడు నిజమే చెప్తున్నాడు కదా, ఎవరికీ తెలీట్లేదేంటి!’ అన్నాడు. టెన్షన్ తట్టుకోలేక తరవాతి పేజీ వాడే లాక్కుని చదవబోయాడు. సగం మాటలు పలకలేకపోయాడు, అయినా ఆపలేదు. మేనల్లుడికి నేను చెయ్యనిది ఇదే.

భాష సంగతి కూడా ఒక్క మాట రాయి. రాజు పోలికలున్న చాకలి పేరిగాడు ఆ నాటకంలో తన ఇంటి మాటే మాట్లాడతాడు, మంత్రులు గ్రాంథికం మాట్లాడతారు. వ్యావహారిక వాదాన్ని గట్టిగా ఎదిరించి ‘గ్రామ్యాదేశ నిరసనము’ రాసిన పండితుడే నాటకంలో పాత్రకు తగిన మాట ఉండాలని పట్టుబట్టాడు. గ్రాంథికం చూసి వెనక్కి తగ్గేవాళ్ళను పేరిగాడి దగ్గర మొదలుపెట్టమని చెప్పు.

బొబ్బిలి మీద నువ్వు రెండు నాటకాలు చెప్పావు, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి గారిదీ, వేదం వారిదీ. రెండూ ఉంచొచ్చు, కాకపోతే జాగ్రత్త. 1757 జనవరి 24న కోటలో పోయినవాళ్ళ కథ ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఇంటి విషయంలాగే చెప్పుకుంటారు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, పొరుగు రాజు విజయరామరాజు పట్టుదల, బొబ్బిలి రాజు రంగారావు మొండితనం, తాండ్ర పాపారాయుడి పగ, వీటిలో ఏ ఒక్కటో పట్టుకుని మిగతావాళ్ళను దుర్మార్గుల్ని చెయ్యకు. వీధిలో జంగంకథగా విన్న ఊరివాళ్ళకు నీకంటే ఎక్కువ తెలుసు. వాళ్ళను అడిగి రాయి.

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకైతే పింగళి నాగేంద్రరావు దారి తేలిక. ‘మాయాబజార్’ మాటల రచయిత అంతకు ముందు బందరు నాటకాలవాడని ఎంతమందికి తెలుసు? ఔరంగజేబు కూతురు, ‘మఖ్ఫీ’ పేరుతో పారసీ కవిత్వం రాసి సలీంగఢ్ ఖైదులో ఇరవై ఏళ్ళు గడిపిన జేబున్నీసా మీద ఆయన నాటకం రాశాడు. ‘వింధ్యరాణి’ని కూడా నువ్వు చారిత్రకమే అన్నావు. అది రాజుల కాలంలో పెట్టిన కల్పన. ఆ తేడా చెప్పాలి.

పద్యాల మాటేంటని అడుగుతావు. వదిలేసి చదవమని మాత్రం ఎప్పుడూ చెప్పకు. పైకి చదవమను. కళ్ళతో చదివితే సీసం గోడలా అడ్డంగా కనిపిస్తుంది, నోటితో చదివితే నాలుగో పాదానికల్లా ఊపు అందుతుంది. రాగం అక్కర్లేదు, హార్మోనియం అంతకన్నా అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కూర్చుని వేషాలు పంచుకుని చదివితే ఒక అంకం గంటలో అయిపోతుంది. నాటకం మొదట్లో వచ్చే నాంది, ప్రస్తావన మాత్రం మొదటిసారికి దాటేసినా ఫరవాలేదు, నచ్చాక వాళ్ళే వెనక్కి వస్తారు.

పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా ఏ నాటకం పేరూ రాయకు. ఇవి షాపుల్లో దొరకడం కష్టం. పాత ప్రతులు చాలా వరకు స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు, అక్కడ వెతుకు. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కూడా చూడు. ప్రతి కళ్ళారా చూసి, పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో తిరగేసి అప్పుడు రాయి. ‘ఆణిముత్యం’ అన్న మాట నీ వ్యాసంలో ఆరుసార్లు వచ్చింది. ఆరూ తీసేసి ఆ చోట్లలో నువ్వు చదువుతూ ఎక్కడ ఆగిపోయావో, ఏ మాట దగ్గర మళ్ళీ వెనక్కి వెళ్ళావో రాయి. నువ్వు పూర్తిగా చదవని నాటకం ఏదైనా జాబితాలో ఉంటే, అది నాకు చెప్పక్కర్లేదు, తీసెయ్.

నా దగ్గరున్న వేదం వారి ‘బొబ్బిలి యుద్ధము’ ప్రతి ఈ ఉత్తరంతో పాటు పోస్టులో పంపుతున్నాను. అట్ట ఊడింది, దారం కట్టాను. మూడో అంకంలో రెండు ఆకులు ఎప్పుడో పోయాయి. రాజమండ్రి వెళ్ళినప్పుడు గౌతమీలో ప్రతి ఉంటే ఆ నాలుగు పేజీలూ నీ చేత్తో తెల్లకాగితం మీద ఎత్తి రాసి అందులో పెట్టి పంపు. వ్యాసం ఆ తరవాత చూద్దాం.

ఇట్లు,
నీ మేలు కోరే
మాస్టారు