పాత చవక ఫోన్‌లో సొంత ఫర్మ్‌వేర్ కట్టుకోవాలనుకునే అబ్బాయికి

చిరంజీవి రాజుకి ఆశీస్సులు.

చవక ఫోన్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) తీసేసి ఓపెన్ సోర్స్‌ది నువ్వే కట్టుకుంటానని రాశావు. మంచిదే. కానీ ఏ ఫోన్ కొంటావన్న దగ్గరే సగం పని తేలిపోతుంది. నిన్నగాక మొన్న వచ్చిన అయిదారు వేల ఫోన్ జోలికి పోకు. దాని చిప్ పత్రాలు బయట దొరకవు, బూట్‌లోడర్ (పవర్ నొక్కాక సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) తాళం తీయడానికీ చాలాసార్లు దారి ఉండదు. స్నాప్‌డ్రాగన్ 410 ఉన్న 2015 నాటి ఫోన్ వెతుకు. ఆ చిప్ పేరు ఎంఎస్ఎం8916. దాని కవల చిప్‌తోనే డ్రాగన్‌బోర్డ్ 410సీ అనే డెవలపర్ బోర్డు వచ్చింది. అందుకే పత్రాలు బహిరంగంగా ఉన్నాయి, లినక్స్ అసలు కెర్నల్‌లోనే (సిస్టమ్ మూల భాగంలోనే) మద్దతు చేరింది.

వీటిలో మొదటి పాఠానికి రెడ్‌మీ 2 గానీ, రెడ్‌మీ 2 ప్రైమ్ గానీ తీసుకో. ప్రైమ్ మన శ్రీసిటీలో తయారై, 2015 ఆగస్టులో విశాఖలో విడుదలైంది. అప్పటి ధర 6,999 రూపాయలు, 2 జీబీ ర్యామ్. హైదరాబాద్‌లో అయితే జగదీశ్ మార్కెట్‌లో అడిగి చూడు. రెండు కొను: ఒకటి ప్రయోగానికి, రెండోది కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో అలాగే ఉంచి పోల్చుకోవడానికి. బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే మార్చు. నీరసించిన బ్యాటరీతో వై-ఫై ఆన్ చేయగానే ఫోన్ రీబూట్ అవుతుంటే, నువ్వు వారం రోజులు డ్రైవర్‌లో లేని తప్పు వెతుకుతూ కూర్చుంటావు.

ఇప్పుడు ఏది నీ చేతిలో ఉంది, ఏది లేదు అన్నది చూసుకో. పవర్ నొక్కగానే చిప్‌లో శాశ్వతంగా ఉండే రోమ్ కోడ్ ఎస్‌బీఎల్1 అనే తొలి బూట్ ప్రోగ్రామ్‌ని లేపుతుంది. అది ట్రస్ట్‌జోన్ అనే భద్రతా భాగాన్నీ, ఆపైన ఏబూట్ అనే బూట్‌లోడర్‌నీ లేపుతుంది. అమ్మకానికి వచ్చిన ఫోన్లలో ఎక్కువ వాటికి ఈ మెట్లన్నీ తయారీదారు డిజిటల్ సంతకంతో ముడిపడి ఉంటాయి. ఏబూట్‌ని మార్చి రాస్తే ఎస్‌బీఎల్1 దాన్ని ఒప్పుకోదు, ఫోన్ నల్లగా పడి ఉంటుంది. కాబట్టి దాన్ని ముట్టుకోకు. ఎల్‌కే2ఎన్‌డీ అనే ఓపెన్ సోర్స్ బూట్‌లోడర్ ఉంది. అది బూట్ పార్టిషన్‌లో (స్టోరేజీలో బూట్‌కి కేటాయించిన భాగంలో) మామూలు ఆండ్రాయిడ్ ఇమేజ్ వేషంలో కూర్చుంటుంది. కంపెనీ బూట్‌లోడర్ దాన్ని లేపుతుంది, అది నీ కెర్నల్‌ని లేపుతుంది.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఎల్‌కే2ఎన్‌డీకి సొంత ఫాస్ట్‌బూట్ (పీసీ నుంచి ఫోన్‌లోకి రాసే మోడ్) ఉంది, కంపెనీ ఫాస్ట్‌బూట్ వేరు. పవర్, వాల్యూమ్ డౌన్ మొదటినుంచీ కలిపి పట్టుకుంటే కంపెనీది వస్తుంది. ఫోన్ ఒకసారి వణికాక వాల్యూమ్ డౌన్ నొక్కితే ఎల్‌కే2ఎన్‌డీది వస్తుంది. కెర్నల్ ఇమేజ్‌ని రెండోదాని నుంచే బూట్ పార్టిషన్‌కి ఫ్లాష్ చెయ్యాలి, అంటే రాయాలి. అప్పుడది తన చోటు వదిలి ఆ తర్వాత రాస్తుంది. మొదటిదాని నుంచి చేస్తే ఎల్‌కే2ఎన్‌డీ మీదే రాసేస్తావు. ఫోన్ చచ్చిపోదు, మళ్లీ వేసుకోవచ్చు. కానీ కారణం తెలియక కెర్నల్ పాడైందనుకుంటావు.

ఇవేవీ ఫ్లాష్ చేయకముందే బ్యాకప్. రికవరీ ఇమేజ్‌ని (మరమ్మతు కోసం ఉండే చిన్న సిస్టమ్‌ని) ఫ్లాష్ చేయకుండా ఫాస్ట్‌బూట్ నుంచి తాత్కాలికంగా బూట్ చేసి, మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, ఎఫ్‌ఎస్‌జీ, పెర్సిస్ట్ పార్టిషన్లను బిట్‌కి బిట్ కాపీ తీసి రెండు చోట్ల దాచు. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), రేడియో కాలిబ్రేషన్ (సిగ్నల్ సర్దుబాటు విలువలు) వీటిలోనే ఉంటాయి. అవి పోతే ఇంకో ఫోన్‌వి తెచ్చి వేయడం కుదరదు. ఐఎంఈఐని మార్చడం మన దేశంలో మూడేళ్ల దాకా జైలు పడే నేరం కూడా.

లాగ్ (బూట్ అవుతూ ఫోన్ రాసే చిట్టా) కనపడకుండా పోర్టింగ్ (కొత్త ఫోన్‌కి కెర్నల్ అమర్చడం) చేయడం చీకట్లో సూదికి దారం ఎక్కించినట్టే. ఆ లాగ్ తీగ మీద వచ్చే సీరియల్ లైను కోసం బోర్డు మీద టెస్ట్ పాయింట్లు వెతికి సన్నని తీగ సోల్డర్ చెయ్యి, వేగం 115200. ఒక్క జాగ్రత్త: ఈ చిప్ పిన్నులు 1.8 వోల్టులవి. బజార్లో దొరికే 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ ముక్క తగిలిస్తే పిన్ను పోవచ్చు. తీగ వేయలేకపోతే యూఎస్‌బీ దారి చాలు. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ సిస్టమ్ వేస్తే ఫోన్ 172.16.42.1 చిరునామాతో యూఎస్‌బీ నెట్‌వర్క్‌గా కనిపిస్తుంది. తెర నల్లగా ఉన్నా కంగారుపడకు, ముందు పీసీలో ఆ చిరునామాకి పింగ్ పోతోందేమో చూడు.

రెడ్‌మీ 2 డివైస్ ట్రీ (ఏ భాగం ఏ పిన్నుకి ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైలు) ఇప్పటికే అసలు కెర్నల్‌లో ఉంది. దాన్ని ఒకసారి బూట్ చేసి, లైను లైనూ చదివాకే మద్దతు లేని ఇంకో 8916 ఫోన్‌కి నీ సొంత ట్రీ రాయి. వరస ఇది: ఈఎంఎంసీ (స్టోరేజీ), యూఎస్‌బీ, బటన్లు, టచ్, తెర, వై-ఫై, చివర మోడెమ్ (సెల్ నెట్‌వర్క్ భాగం). మొదటి మూడూ దాదాపు అన్ని 8916 ఫోన్లకూ ఒకటే. వాల్యూమ్ అప్ సాధారణంగా జీపీఐఓ (ప్రధాన చిప్ పిన్ను) 107. వాల్యూమ్ డౌన్ మాత్రం పవర్ చిప్ పీఎం8916కి పోతుంది, దాన్ని జీపీఐఓల్లో వెతక్కు.

టచ్ దగ్గర నిదానంగా నడువు. ఎక్కువ ఫోన్లు క్వాల్‌కామ్ నమూనానే కాపీ కొట్టాయి కాబట్టి ఐదో ఐ2సీ బస్సు (చిప్‌లు మాట్లాడుకునే తీగల జత), ఇంటరప్ట్ (వేలు తగిలిందని చెప్పే) పిన్ను 13, రీసెట్ పిన్ను 12 నుంచి మొదలుపెట్టు. ఫోకల్‌టెక్ కంపెనీ టచ్ చిప్ అయితే చిరునామా హెక్స్ 38. లాగ్‌లో మైనస్ 6 వస్తే చిప్ పలకలేదని అర్థం: చిరునామా తప్పు, లేదా కరెంటు అందలేదు. మైనస్ 110 అయితే బస్సే బిగుసుకుంది, రెగ్యులేటర్ (వోల్టేజీ ఇచ్చే భాగం) చూడు. చిప్ దొరికినా వేలికి స్పందన లేకపోతే ఇంటరప్ట్ పిన్ను తప్పు. వోల్టేజీలు మాత్రం ఊహించి రాయకు. కంపెనీ విడుదల చేసిన కెర్నల్ సోర్స్‌లోనో, స్టాక్ (కంపెనీ ఇచ్చిన) బూట్ ఇమేజ్‌లోంచి తీసిన డివైస్ ట్రీలోనో ఉన్నవే రాయి. 1.8 వోల్టుల చిప్‌కి 2.85 ఇస్తే మళ్లీ పలకదు.

తెరకి డ్రైవర్ చేత్తో రాయనక్కర్లేదు, పాత డివైస్ ట్రీ నుంచి ప్యానెల్ డ్రైవర్ తయారుచేసే జనరేటర్ స్క్రిప్టు ఉంది. ఒకే మోడల్‌లో రెండు మూడు కంపెనీల ప్యానెళ్లు ఉంటాయని మర్చిపోకు. నీ ఫోన్‌లో ఏది ఉందో కంపెనీ బూట్‌లోడర్ కెర్నల్‌కి పంపే కమాండ్ లైన్‌లో రాసి ఉంటుంది. ఎల్‌కే2ఎన్‌డీ కూడా దాన్ని చూసే ఎంచుకుంటుంది.

వై-ఫై, మోడెమ్ ఫర్మ్‌వేర్‌లు ఓపెన్ సోర్స్ కావు, కానివ్వరు కూడా. వాటికీ సంతకం ఉంది కాబట్టి నీ ఫోన్ పార్టిషన్‌లో ఉన్నవే వాడాలి. వేరే బ్రాండ్ ఫైలు పెడితే రిమోట్ ప్రాసెసర్ (ఆ ఫైలు నడిపే వేరే ప్రాసెసర్) పైకి లేవదు. డేటా, ఎస్ఎంఎస్ పనిచేస్తాయి. కాల్స్ సంగతి సిమ్‌ని బట్టి: జియోకి 2జీ, 3జీ లేవు, ఈ పోర్టుల్లో వోల్టీఈ (4జీ మీద కాల్) ఆశించలేం. పరీక్షకి 2జీ ఉన్న సిమ్ వెయ్యి.

తెర వెలగకపోయినా సరే, మొదటి బూట్ లాగ్ నాకు పంపు. స్క్రీన్ ఫొటోలు వద్దు, టెక్స్ట్ ఫైలు మొదటి లైను నుంచీ కావాలి. ఐఎంఈఐ, సీరియల్ నంబరు కనిపిస్తే చెరిపేసి పంపు.

మీ బాబాయి