చివరి ఖర్చుకు ముందే ఏర్పాటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అంత్యక్రియల ఖర్చు, దానికి కావలసిన కాగితాల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మావారికి 74, నాకు 68. పిల్లలిద్దరూ విదేశాల్లో ఉన్నారు. అంత్యక్రియలన్నీ తామే జరిపిస్తామంటూ ఒక సంస్థ తరఫున మనిషి వచ్చాడు. మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు, లేదంటే నెలనెలా వాయిదాలు అంటున్నాడు. చేరమంటారా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ సంస్థ సేవలు వాడుకోవద్దని అనం. డబ్బు మొత్తం ముందే వాళ్ల చేతిలో పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాం. బ్యాంకులో వేసుకున్న డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా రక్షణ ఉంది. బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ కన్ను ఉంటుంది. అంత్యక్రియల కోసం ముందుగా కట్టించుకునే డబ్బుకు మన దేశంలో అలాంటి ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. పదేళ్ల తర్వాత ఆ ఆఫీసుకు తాళం పడితే, మీ పిల్లలు రసీదు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సంస్థ నచ్చితే ఇలా చేయండి. ఏయే పనులు చేస్తారో, ఈరోజు దేనికెంత అవుతుందో వేర్వేరుగా రాయించుకోండి. డబ్బు మీ దగ్గరే ఉంచుకుని, పని జరిగినప్పుడు ఇచ్చేలా మాట్లాడుకోండి. బయానా తప్పదంటే అది చిన్న మొత్తంగా ఉండాలి. రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాయాలి.

తగాదాలు ఎక్కువగా వచ్చేది ఒప్పందంలో రాయని వాటి దగ్గరే. మీరు ఖమ్మంలో ఒప్పందం చేసుకున్నారు, మరణం హైదరాబాద్ ఆసుపత్రిలో జరిగింది. అక్కడి నుంచి తీసుకురావడం ఎవరి ఖర్చు? ఫ్రీజర్ పెట్టె ఎన్ని రోజులకు? వాహనం ఎన్ని కిలోమీటర్లకు? కట్టెలు, శ్మశానం రుసుము, పురోహితుడి సంభావన, పూజాసామగ్రి ‘ప్యాకేజీ’లో ఉన్నాయా, విడిగానా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? ఇంకో మాట. అంత్యక్రియలు, ఖననం, దహనం, మార్చురీ, భౌతికకాయం తరలింపు సేవలను జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలు పన్ను పరిధి నుంచే తప్పించింది. ఆ సేవల బిల్లులో జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి.

పిల్లలు దూరంగా ఉన్నారు కనుక మీరిద్దరూ ఇప్పుడే తేల్చుకోవలసిన అసలు సంగతి వేరే ఉంది: వాళ్లు వచ్చేదాకా ఆగాలా, ఆగితే ఎన్నాళ్లు? ఇది తేలకపోతే ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు ఏ నిర్ణయమూ తీసుకోలేరు. ఒకటి రెండు రోజులైతే ఫ్రీజర్ పెట్టె సరిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ ఉందో లేదో ముందే అడగాలి. అంతకు మించి ఆగాలంటే ఆసుపత్రి మార్చురీలో పెట్టాలి, లేదా ఎంబామింగ్ (భౌతికకాయం చెడిపోకుండా రసాయనాలు ఎక్కించడం) చేయించాలి. ఎంబామింగ్ ఎంత ఆలస్యమైతే అంత సరిగ్గా పట్టదు, కాబట్టి రెండు రోజులు చూసి మూడో రోజు చేయిద్దామనుకోకూడదు. భౌతికకాయాన్ని విమానంలో తీసుకెళ్లాలంటే మరణ పత్రంతో పాటు ఎంబామింగ్ సర్టిఫికెట్, పోలీసుల అభ్యంతరం లేదన్న పత్రం, పెట్టె సీలు చేసినట్టు పత్రం అడుగుతారు.

ఊళ్లోనే ఉండే ఇద్దరిని, అంటే మేనల్లుడో, పక్కింటివారో, చిరకాల స్నేహితులో, ముందే అడిగి ఒప్పించండి. ఒక్కరే అయితే ఆ రోజు ఆయన ఊళ్లో లేకపోవచ్చు.

ప్రశ్న: ఎంత పక్కన పెడితే సరిపోతుంది?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఒక అంకె చెబితే అది మీ ఇంటికి సరిపడదు. లెక్క వేసే పద్ధతి చెబుతాం.

ఖర్చు మూడు విడతలుగా వస్తుంది. మొదటి రోజుది చేతిలో రొక్కంగా ఉండాలి: వాహనం, ఫ్రీజర్ పెట్టె, పాడె సామగ్రి, పూలు, డప్పులు, కట్టెలు లేదా గ్యాస్, కరెంటు దహనవాటిక రుసుము, కాటికాపరికి ఇచ్చేది, వచ్చినవారి భోజనాలు. కట్టెల మీద దహనానికి సుమారు 300 నుంచి 400 కిలోలు పడతాయి. వానాకాలంలో తడి కట్టె అంటుకోదు, అప్పటికప్పుడు మరికొంత కొనవలసి వస్తుంది. గ్యాస్, కరెంటు దహనవాటికల్లో ఈ బాధ లేదు, అస్థికలు కూడా సాధారణంగా అదే రోజు చేతికొస్తాయి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పి తీయించాలి. వేడికి దాని బ్యాటరీ పేలుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

రెండో విడత చిన్నకర్మ నుంచి పెద్దకర్మ దాకా. నిజానికి పెద్ద ఖర్చు ఇదే: షామియానా, వంటవాళ్లు, భోజనాలు, దానాలు, అస్థి నిమజ్జనానికి ప్రయాణం. ఎంతమందికి భోజనం పెట్టాలన్నది మీరే ఒక కాగితం మీద రాసి పెట్టండి. ‘పెద్దాయనకు తక్కువ చేశారు’ అన్న మాటకు భయపడి అప్పు చేసిన పిల్లలు చాలామంది ఉన్నారు. ‘వందమందికి మించి వద్దు’ అని మీ చేతిరాతతో ఉన్న ఒక్క వాక్యం వాళ్లను ఆ అప్పు నుంచి కాపాడుతుంది.

మూడోది చాలామంది లెక్కలో వేసుకోనిది: నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. మీ ఇంట్లో ఇవి జరిపే ఆచారం ఉంటే పన్నెండు నెలల ఖర్చు కలపండి.

ఈ మధ్య మీ ఊళ్లో కర్మ జరిపించినవారిని అడిగి ఒక్కో పద్దు ఎదుట అంకె వేయండి, మొత్తం మీద నాలుగోవంతు అదనంగా కలపండి. రెండేళ్లకోసారి ఆ కాగితం తీసి ధరలు సరిచూడండి.

ప్రశ్న: నా పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, అబ్బాయిని నామినీగా పెట్టాను. నా కర్మకు ఆ డబ్బు వాడుకోమని చెప్పాను. ఇది చాలు కదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: చాలదండీ. పన్నెండు రోజుల్లో ఖర్చయ్యే డబ్బు, ఆ పన్నెండు రోజుల్లో చేతికి రాదు. నామినీ మరణ ధ్రువీకరణ పత్రం, తన గుర్తింపు కాగితాలు, క్లెయిమ్ ఫారం ఇచ్చాక బ్యాంకుకు 15 రోజుల గడువు ఉంటుంది. అసలు మరణ పత్రం రావడానికే కొన్ని రోజులు పడుతుంది.

దీనికి మేలైన దారి, నమ్మకమైన ఒకరితో కలిసి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో జాయింట్ ఖాతా తెరిచి, మొదటి రోజు ఖర్చునూ కర్మ ఖర్చునూ అందులో ఉంచడం. రెండోవారు ఆ డబ్బు తీసుకోగలరు. అయితే మీరు ఉండగానే తీసుకునే హక్కూ వారికి ఉంటుందని మరవకండి. అందుకే ఇందులో కర్మకు సరిపడా మాత్రమే ఉంచాలి, జీవితకాలపు పొదుపంతా కాదు. జాయింట్ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఇంకో మెలిక ఉంది. ఒకరు పోతే మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవచ్చని ఇద్దరూ కలిసి ముందే రాతపూర్వకంగా ఆదేశం (మాండేట్) ఇవ్వాలి. ఆ సంతకం లేకపోతే వారసులందరి సమ్మతి తెమ్మంటారు. కౌంటర్లో ‘ఆ మాండేట్ నమోదైందా?’ అని ప్రత్యేకంగా అడగండి.

కొన్ని తప్పుడు నమ్మకాలు. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి పోవడంతోనే దాని బలమూ పోతుంది. పోయినవారి ఏటీఎం కార్డు, ఫోన్ పిన్ వాడి డబ్బు తీయడం సరైనది కాదు, తర్వాత మిగతా వారసులు ప్రశ్నిస్తే చిక్కు. మరణం తర్వాతి రోజులకు పడిన పెన్షన్ వెనక్కి ఇవ్వవలసిందే, దాని మీద లెక్కలు వేసుకోవద్దు. జీవిత బీమా సొమ్ము ఈ పన్నెండు రోజుల ఖర్చుకు అందదు, ఆ తర్వాతి అప్పులకు పనికొస్తుంది.

మరణించినది ఈఎస్ఐ చందాదారు అయితే అంత్యక్రియల ఖర్చుకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. మూడు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. ఈ సంగతి తెలియక వదులుకుంటున్నవారు ఉన్నారు.

ప్రశ్న: నా దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామాలో రాశాను. సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వీలునామా సాధారణంగా కర్మ అయ్యాకే తెరుస్తారు. అప్పటికి దహనం కూడా అయిపోయి ఉంటుంది. వీలునామాలో ఉన్నా సరే, విడిగా ఒక కాగితం రాసి, ఇంట్లో అందరూ చూసే చోట ఉంచండి. కళాశాల అనాటమీ విభాగంలో అంగీకార పత్రం నింపి, అందులో మీ దగ్గరి బంధువుల చేత సంతకాలు పెట్టించండి. ఎందుకంటే మీరు ఎంత ఇష్టంగా రాసినా, ఆ రోజు దేహాన్ని అప్పగించేది వాళ్లే. వాళ్లు వద్దంటే కళాశాల బలవంతం చేయదు.

తీసుకోని సందర్భాలూ తెలుసుకోండి: పోస్టుమార్టం జరిగినా, పోలీసు కేసు ఉన్నా, హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి జబ్బులున్నా సాధారణంగా నిరాకరిస్తారు. సెలవు రోజున, రాత్రివేళ ఎవరు తీసుకుంటారో ముందే అడిగి ఆ ఫోన్ నంబరు రాసుకోండి. కాదన్నప్పుడు దహనమా, ఖననమా అన్నది కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

నేత్రదానానికి 6 గంటలే గడువు. కళ్లు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టి వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. శుక్లాల ఆపరేషన్ అయినవారూ, మధుమేహం ఉన్నవారూ ఇవ్వవచ్చు.

ప్రశ్న: నాన్నగారి కర్మ ఖర్చంతా నేనే పెట్టాను. ఆస్తి పంచేటప్పుడు అది ముందుగా తీసుకుంటానంటే తమ్ముడు ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: భారత వారసత్వ చట్టం 1925, సెక్షన్ 320 ప్రకారం అంత్యక్రియలకు అయిన సహేతుకమైన ఖర్చు పోయినవారి ఆస్తిలోంచి మిగతా అప్పులన్నిటికంటే ముందు చెల్లించాలి. ఆ మనిషి స్థాయికి తగినంత అన్నదే కొలత. శ్మశానం రసీదు, వాహనం, కట్టెల బిల్లులు పెట్టుకుని కూర్చోండి. అవి లేకపోతే ఎవరికి ఎంత ఇచ్చారో తేదీలతో లెక్క రాసి, చూసినవారి చేత సంతకం చేయించండి. భోజనాలకు మీ ఇష్టం కొద్దీ చేసిన ఖర్చు ఉంటే అది తీసివేసి అడగండి, తమ్ముడు ఒప్పుకునే వీలు ఎక్కువ.

ప్రశ్న: మా చర్చి సమాధుల స్థలంలో కుటుంబానికి చోటు ముందే కొనాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రసీదు వ్యక్తి పేరున కాక చర్చి కమిటీ పేరున ఉండాలి. అందులో స్థలం నంబరు, కొలతలు, ఎవరెవరికి హక్కు, కట్టడానికి అనుమతి ఉందా, అదే సమాధిని తిరిగి తెరవాలంటే ఎన్నేళ్లు ఆగాలి, ఏడాది నిర్వహణ రుసుము కట్టకపోతే ఏమవుతుంది అన్నవి రాయించండి. కమిటీ మారినప్పుడల్లా పుస్తకంలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఇంట్లో మరణం జరిగితే కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి? ముందుగా ఏం సిద్ధం చేసుకోవచ్చు?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: చూస్తున్న డాక్టరుతో మొదలుపెట్టాలి. ఇంట్లో సహజ మరణానికి ఆయన 4ఏ ఫారంలో మరణ కారణం రాసిస్తారు. ఎప్పుడూ చూడని డాక్టరు సంతకం పెట్టడానికి వెనకాడతారు. కాబట్టి మంచం పట్టినవారు ఉంటే దగ్గరలోని డాక్టరు చేత అప్పుడప్పుడూ చూపిస్తూ, చీటీలు దాచండి. కింద పడడం, ప్రమాదం, అనుమానం ఏదున్నా ముందు పోలీసులకు చెప్పాలి. దహనం అయిపోయాక ఆ ప్రశ్నలకు జవాబు దొరకదు, బీమా కూడా ఆగిపోతుంది.

మరణం ఎక్కడ జరిగిందో అక్కడి రిజిస్ట్రారు దగ్గరే నమోదు, సొంతూళ్లో కాదు. ఇంటి పెద్ద 21 రోజుల్లో చెబితే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఏడాది దాకా జిల్లా రిజిస్ట్రారు రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో అయితే వాళ్లే తెలియజేస్తారు, కానీ ఆ ఫారంలో పేరు సరిచూడవలసింది మీరే. బిల్లు బాకీ ఉందని భౌతికకాయాన్ని ఇవ్వకపోవడం రోగుల హక్కుల పత్రానికి విరుద్ధం.

మన ఇళ్లలో పని చెడేది పేర్ల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాసుపుస్తకంలో ఒక్క అక్షరం, పొలం కాగితంలో ఊళ్లో పిలిచే పేరు. ఇప్పుడే అన్నిటినీ ఒక్కలా చేయించండి. ఒక కవరులో ఆధార్ నకలు, ఖాతాల, పాలసీల, పెన్షన్ కాగితాల జాబితా, డాక్టరు ఫోన్ నంబరు, ఖర్చుల కాగితం పెట్టి, కవరు ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి. బీరువా తాళం మీ దగ్గరే ఉంటే ఆ ఇద్దరికీ అది అందదు. కవరును బీరువా బయటే ఉంచండి. మరణ పత్రం వచ్చాక కనీసం ఎనిమిది ప్రతులు తీసుకోండి, ఒక్కో చోట ఒక్కోటి ఇవ్వాలి.